పనివేళల్లో నొప్పి

అక్షరాల్లో తప్పులుంటే చదివేవాళ్ళు మన్నించాలి. వత్తులూ దీర్ఘాలూ నాకు ఇప్పటికీ సరిగ్గా పట్టుబడలేదు. యాభై ఎనిమిదో ఏట పలక పట్టాను. మా ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు. అంతవరకూ వేలిముద్రతోనే గడిచింది. పెద్దరోగం, అదే కుష్ఠు, వచ్చి తగ్గాక నా వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. రేషను కొట్టులో మిషను మీద వేలు పెడితే అక్కడ మనిషే లేనట్టు ఎర్రదీపం వెలిగేది. సంతకం పెడితే బియ్యం ఇస్తామన్నారు, అందుకని నేర్చుకున్నాను. ఇది రాయడానికి నాలుగు నెలలు పట్టింది. కలం పట్టడానికి మూడు వేళ్ళు కావాలి, నాకున్నవి రెండున్నర.

మా కాలనీ పేరు దయాపురం. ఉద్దానంలో జీడితోటల అంచున అరవై గడపలు. అందరమూ పెద్దరోగం వచ్చి మందులతో నయమైనవాళ్ళమో, వాళ్ళ పిల్లలమో. రోగం పోతుంది గాని చచ్చిన నరం మళ్ళీ బతకదు. చేతులకీ పాదాలకీ స్పర్శ ఉండదు. నిప్పు మీద చెయ్యి పడినా కమురు వాసన వస్తేగాని తెలియదు.

అందుకని కాలనీలో ఒక అలవాటు ఉంది. దీపాలు పెట్టే వేళకి ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూచుని ఒకరి చేతులూ కాళ్ళూ ఒకరు తిప్పి చూస్తారు. ముల్లు దిగిందా, బొబ్బ లేచిందా, వేళ్ళ సందుల్లో చిట్లిందా అని. దాన్ని మేము చూపు అంటాం. "చూపయిందా?" అనేది మాలో పలకరింపు. నా చేతులు ఢిల్లీశ్వరి చూసేది, దాని చేతులు నేను చూసేదాన్ని. ఢిల్లీశ్వరి మా అక్క కూతురు. పదేళ్ళప్పుడు తల్లి పోయి నా దగ్గరికి వచ్చింది. పద్నాలుగో ఏట మచ్చ కనిపించింది. మందు మొదలెట్టేసరికి ఆలస్యమై రెండు చేతులూ మొద్దుబారాయి. నేను చెప్పబోయే సంగతులు జరిగేనాటికి దానికి ఇరవై ఆరేళ్ళు.

మేమిద్దరం వల్లభరావు గారి జీడి బట్టీలో పిక్కలు కొట్టేవాళ్ళం. బట్టీకి రెండు షెడ్లు. పెద్ద షెడ్డులో ఊరి ఆడవాళ్ళు, వెనక షెడ్డులో కాలనీ నుంచి మేము పన్నెండు మందిమి. జీడిపిక్క పెంకులో నల్లటి రసం ఉంటుంది. తగిలిందంటే చర్మం ఉబ్బి ఊడిపోతుంది. పెద్ద షెడ్డులో వాళ్ళు ఆముదం రాసుకుని, రబ్బరు తొడుగులు వేసుకుని, కాల్చిన పిక్కలు చల్లారాక కొట్టేవారు. మేము పొగలు కక్కుతుండగా ఉత్త చేతులతో కొట్టేవాళ్ళం. వేడి మీద కొడితే పప్పు బద్ద కాకుండా గుండుగా వస్తుందని మా బుగత వల్లభరావు గారి నమ్మకం.

ఆయన చెడ్డవాడని మేము ఏనాడూ అనుకోలేదు. టీ కొట్టులో మాకు గ్లాసు వేరుగా పెట్టే ఊళ్ళో ఆయనొక్కడే మాకు పని ఇచ్చాడు. వికలాంగులకు ఉద్యోగాలు ఇచ్చినందుకు వచ్చిన ప్రశంసాపత్రం ఆయన ఆఫీసు గోడ మీద అద్దం కట్టించి ఉండేది. మాకూ ఒక రకమైన గర్వం ఉండేది. పెనం మీంచి దింపిన పిక్కల్ని దోసిట్లో ఎవరు ఎక్కువసేపు పట్టుకుంటారో పందెం వేసుకునేవాళ్ళం. ఎక్కువసార్లు నేనే గెలిచేదాన్ని. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ప్రతిమ మేడమ్ విశాఖపట్నం నుంచి వచ్చింది. ఆమె డాక్టరు కాదు, పరిశోధన చేసే మనిషి. బట్టీ పక్క గదిలో ప్రయోగశాల పెట్టుకోవడానికి వల్లభరావు గారే చోటిచ్చారు, ఖర్చులో భాగమూ పెట్టుకున్నారు. మేడమ్ ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి, అందులోంచి పాల మీద మీగడ లాంటి పొరను రెండు చేతులతో ఎత్తింది. దాన్ని నా చేతికి మోచేతి దాకా తొడిగింది. మోచేతి పైన, నరం ఇంకా బతికున్న చోట, కడియం లాంటి పట్టీ కట్టింది. రెండో చేతికీ అలాగే.

"ఈ పొర వేడినీ, రాపిడినీ, గుచ్చుకోవడాన్నీ పట్టుకుని కడియానికి చెప్తుంది. కడియం మీ నరానికి చెప్తుంది. మొదట్లో జబ్బ మీద చీమలు పాకినట్టు ఉంటుందంతే. ఏ చీమ ఏ వేలిదో మీ మెదడు నేర్చుకోవాలి" అంది.

"నా మెదడు అ ఆలు నేర్సుకోడానికే రెండేళ్ళు తీసుకున్నాదమ్మా" అన్నాను.

ఆరు వారాలు మేము పన్నెండు మందిమీ రోజూ ఒక గంట కళ్ళు మూసుకుని కూచునేవాళ్ళం. చేతిలో వేడి గ్లాసు పెట్టేది, చల్లటి రాయి పెట్టేది, జామకాయ పెట్టేది. ఎవరికీ ఏమీ అందేది కాదు. నలభై ఒకటో రోజున ఢిల్లీశ్వరి కళ్ళు తెరవకుండానే మెల్లగా అంది.

"పిన్నీ, గలాసు నా సేతిలో ఉన్నాది."

"సేతిలో కాక నెత్తి మీదుంటాదేటి?"

"కాదే. జబ్బ మీద కాదు. సేతిలో ఉన్నాది."

అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. మర్నాడు నాకూ వచ్చింది. మేడమ్ పిన్నీసు మొనతో నా బొటనవేలు తాకిస్తే చురుక్కుమంది. పందొమ్మిదేళ్ళ తర్వాత నొప్పి. నేను నవ్వాను. ఇంకోసారి గుచ్చమన్నాను. వరసలో ఉన్నవాళ్ళందరూ నన్ను గుచ్చు, నన్ను గుచ్చు అని చేతులు చాపారు. మేడమ్ పిన్నీసు పట్టుకుని ఎటు చూడాలో తెలియక నిలబడిపోయింది.

ఆ సోమవారానికి అందరికీ వచ్చేసింది. బట్టీకి వెళ్ళి కూచున్నాం. మొదటి గంప దిగగానే పన్నెండు మందిమీ పిక్కలు కింద పారేశాం.

మేస్త్రి లోకనాథం పరుగున వచ్చాడు. "ఏటే ఇది, పిక్క పట్టుకోమంటే పామును పట్టుకున్నట్టు ఇసిరీస్తన్నారు?"

"నువ్వోపాలి పట్టుకు సూడు బావూ" అంది ఢిల్లీశ్వరి.

"నానెందుకు పట్టుకుంటాను, నాకు కాల్తాది."

"మాకూ కాల్తన్నాది. ఇన్నాళ్ళూ మాకు సెప్పినోల్లు నేరు."

పొర విప్పేసి పని చేద్దామంటే వీల్లేదు. కడియం నాలుగు రోజులు ఊడిందంటే మెదడు నేర్చుకున్నది మరిచిపోతుందని మేడమ్ ముందే చెప్పింది. వారం తిరిగేసరికి మా షెడ్డులో పని సగానికి సగం పడిపోయింది. వల్లభరావు గారు మమ్మల్ని పిలిపించారు. కోప్పడలేదు. కుర్చీలు వేయించారు కూడా.

"నానేటీ కాదనను. మీకు నొప్పొచ్చినాది, సంతోసం. కానీ నొప్పున్నోల్లు నాకు పెద్ద షెడ్డులో బోల్డుమందున్నారు."

మేము లేచి షెడ్డుకి వచ్చేశాం.

పది రోజులకి ప్రతిమ మేడమ్ ఒక ఉపాయం తెచ్చింది. కడియాన్ని ఫోనుతో కాసేపు మూగబోయేట్టు చేయవచ్చు. గంట కొట్టగానే మేస్త్రి ఫోనులో మీట నొక్కితే పన్నెండు మంది చేతులూ పాతకాలంలోలా మొద్దుబారతాయి, సాయంత్రం గేటు దగ్గర మళ్ళీ నొక్కితే నొప్పి తిరిగొస్తుంది. పనివేళల్లో మాత్రమే, అంది. చెప్తున్నప్పుడు ఆమె మా మొహాల్లోకి చూడలేదు. ఇది ఒప్పుకోకపోతే ప్రయోగశాల ఖాళీ చేయాలి, మా పొరలు వెనక్కి తీసుకోవాలి.

ఒప్పుకోలు కాగితాన్ని అందరికీ చదివి వినిపించింది నేనే. కాలనీలో చదవడం వచ్చినవాళ్ళు ముగ్గురో నలుగురో. నేను కూడబలుక్కుని చదువుతుంటే అందరూ పాఠం వింటున్నట్టు విన్నారు. ఢిల్లీశ్వరి మాత్రం అడిగింది.

"పిన్నీ, మన నొప్పి ఆడి జేబులో ఎందుకు?"

"ఉజ్జోగం ఉంటాది కదే. సాయంత్రం ఇచ్చీస్తాడు."

"ఇవ్వకపోతే?"

"నీకన్నీ అనుమానాలే" అని మొదటి సంతకం నేను పెట్టాను. తర్వాత అందరూ పెట్టారు.

మొదటి రోజుల్లో సాయంత్రాలు చూడవలసిందే. గేటు దాటగానే లోకనాథం మీట నొక్కేవాడు, రోజంతా పడిన కాలుడూ బొబ్బలూ ఒక్కసారిగా చేతుల మీద విరుచుకుపడేవి. ఆడవాళ్ళు రోడ్డు మీద చతికిలబడి చేతులు ఊదుకునేవారు. లోకనాథానికి చూడబుద్ధి కాలేదు. "ఇంటికెల్లి కూసున్నాక తెరుస్తానప్పా" అన్నాడు. అతని వైపు నుంచి అది దయే. తర్వాత మేమే అడగడం మొదలెట్టాం. ఇవాళ పెళ్ళికెళ్ళాలి, రేపు తెరువు. పిల్లకి జ్వరం, ఎల్లుండి తెరువు. పిన్నీసు గుచ్చమని చేతులు చాపినవాళ్ళమే ఇలా అడిగాం.

అసలు తప్పు ఇంకొకటి జరిగింది. మేము చూపు మానేశాం. పొర మెరుస్తూ చెయ్యి నున్నగా కనిపించేది. దెబ్బ తగిలితే నొప్పే చెప్తుంది కదా, తిప్పి చూసేదేముంది అనుకున్నాం. నొప్పి నోరు ఎవరి జేబులోనో మూసి ఉందన్న సంగతి మరిచిపోయాం.

ఒక సోమవారం ఢిల్లీశ్వరి లోకనాథంతో అంది. "ఇంటికెల్లి వొండుకోవాల, గిన్నెలు తోముకోవాల. నాది ఆదోరం దాకా తెరవకు బావూ." అతను సరేనన్నాడు. నేను పక్కనే నడుస్తున్నాను.

ఆదివారం పొద్దున్న, అన్నమాట ప్రకారం లోకనాథం మీట తెరిచిన వేళకి, కుళాయి దగ్గర బిందె పడిన చప్పుడు, వెంటనే దాని కేక వినిపించాయి. పరుగెత్తి వెళ్ళి కుడిచేతి పొర కత్తెరతో కోశాను. గోరు మొదట్లో పొర సన్నగా చిట్లింది. అందులోంచి జీడి రసం లోపలికి దిగి, బయటికి పోయే దారి లేక, ఆరు రోజులు అక్కడే ఊరింది. మూడు వేళ్ళు నల్లబడి ఉన్నాయి. ఆ వాసన నేనెరుగుదును.

ఆటోలో టౌను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఆ ఆసుపత్రి పేరు చెప్పను. కుర్ర డాక్టరు గుమ్మంలోనే నిలబడి మా ఊరు పేరు అడిగాడు. దయాపురం అనగానే, "మీ కాలనీకి నెలకోసారి డాక్టరు వస్తారు కదా" అన్నాడు.

"ఇది ఆ రోగం కాదు బావూ. కాలిన పుండు."

"చేతికి ఏదో ప్రయోగం తొడుగు ఉంది. వాళ్ళ కాగితం లేకుండా మేం ముట్టుకోకూడదు. తీసుకురండి."

ప్రతిమ మేడమ్ విశాఖపట్నం నుంచి వచ్చేసరికి సాయంత్రం అయిదయింది. అంతవరకూ బల్ల మీద కూచున్నాం. పక్కన కూచున్నవాళ్ళు లేచి అవతలి బల్లకి మారారు. పొద్దున్నే చూసి ఉంటే ఒక వేలితో పోయేదని తర్వాత మరో డాక్టరు చెప్పాడు. మూడు వేళ్ళు తీసేశారు.

ఢిల్లీశ్వరి నన్నొక్క మాట అనలేదు. ఒకరోజు అన్నం కలిపి పెడుతుంటే మాత్రం, "నువ్వు సదివి సెప్పినావు, నాను ఇన్నాను" అంది. తిట్టినా బాగుండేది.

నా జీవితంలో మొదటి ఉత్తరం అప్పుడు రాశాను, వికలాంగుల హక్కులు చూసే ఆఫీసుకి. రెండు నెలలకి హేమసుందర్ అనే విచారణ అధికారి వచ్చారు. బట్టీ ఆఫీసు వరండాలో కుర్చీలు వేశారు. వల్లభరావు గారు ఒప్పుకోలు కాగితాలు బల్ల మీద పెట్టారు.

"బలవంతం సెయ్యనేదండి. సంతకాలున్నాయి. పొర మూగగా ఉన్నప్పుడు ఆల్ల సేతులు ఎప్పట్లాగే ఉన్నాయి కదా. నొప్పే నేకపోతే బాదెక్కడిది?"

"మరి పెద్ద షెడ్డులో ఇచ్చే రబ్బరు తొడుగులు మా షెడ్డులో ఎందుకియ్యనేదు బావూ?" అన్నాను.

"మీకు కాలదు కదప్పా" అన్నారాయన. నిజంగానే అలా అనుకుంటున్నారని ఆయన మొహం చూస్తే తెలిసింది. తర్వాత అధికారి వైపు తిరిగి, ఇలా గొడవలైతే వెనక షెడ్డు మూసుకుంటానన్నారు.

అధికారి తల పట్టుకున్నారు. గాయం పని చోటే తగిలిందని రుజువు కావాలి. ఇంట్లో వంట చేస్తూ కాల్చుకుందని రేపు వీళ్ళ ప్లీడరు అంటాడన్నారు. అప్పటిదాకా మూలన కూచున్న ప్రతిమ మేడమ్ లేచింది.

"కడియం మూగగా ఉన్నా పొర నమోదు చేస్తూనే ఉంటుంది సార్. ఆ వారమంతా నా దగ్గర ఉంది." గీతలు గీతలుగా ఉన్న కాగితాల కట్ట తీసి పెట్టింది.

"ఈ గీతలు చూసి నేనేం రాయనమ్మా?"

"దీన్ని ఇంకొకరి కడియంలోకి పంపొచ్చు. నేను కట్టుకుని చూశాను, నాకు జబ్బ మీద చీమలే. నేర్చుకున్న మెదడుకే తెలుస్తుంది."

"నాకు పంపమ్మా" అన్నాను.

మేడమ్ వద్దంది. అధికారి కూడా ఆలోచించారు. ఇంకో పదిమంది ఉన్నా సంతకం మొదట పెట్టింది నేనని చెప్పాను. మేడమ్ అవసరమైన మీటను లోకనాథం ఫోనులోంచి తీసి ఇంకో ఫోనులో వేసింది. అది ఎవరి చేతిలో ఉండాలని అధికారి అడిగారు. నా పక్కన కూచున్న ఢిల్లీశ్వరి ఎడమచెయ్యి చాపింది.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. మీట ఎవరిది వాళ్ళ దగ్గరే ఉండాలి. పిక్కలు చల్లారాకే కొట్టాలి. రెండు షెడ్లకీ ఒకే తొడుగులు, ఒకే ఆముదం. ప్రయోగం పేరు చెప్పి ఆసుపత్రి ఏ రోగినీ బల్ల మీద కూచోబెట్టకూడదు. వల్లభరావు గారు పై ఆఫీసుకి వెళ్ళారు, ఏడు నెలలు వెనక షెడ్డు మూసి ఉంచారు. ఆ ఏడు నెలలూ కాలనీలో ముగ్గురు నాతో మాట్లాడలేదు. వాళ్ళని తప్పు పట్టను. షెడ్డు మళ్ళీ తెరిచినప్పుడు తొమ్మిదిమందే పనిలోకి వెళ్ళారు. మిగిలిన ముగ్గురిలో నేనొకదాన్ని. ఇవన్నీ కాగితాల మీద ఉన్నాయి. కాగితాల మీద లేనిది ఆ రోజు వరండాలో జరిగింది.

ఆ వారంలో శుక్రవారం నాడు ఢిల్లీశ్వరి చేసిన పని మొత్తం పంపమన్నాను. ఢిల్లీశ్వరి మీట నొక్కింది. నా చేతులు ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి. కాసేపటికి కుడి అరచేతిలోకి వేడి వచ్చి కూచుంది.

"పిక్కలొచ్చినాయి. కాల్తన్నాది. ఓర్సుకోవొచ్చు" అన్నాను. అధికారి రాసుకున్నారు.

"సూపుడు వేలు. ఇప్పుడు నడిమి వేలు. గోరు మొదట్లో సూది పొడిసినట్టున్నాది. లోపలికి దిగతన్నాది." ఇవే మాటలు ఎన్నిసార్లు అన్నానో. ప్రతి పిక్కకీ ఒకసారి సూది దిగేది. పిక్కకీ పిక్కకీ మధ్య ఊపిరి తీసుకునేటంత ఖాళీ కూడా ఉండేది కాదు. ఢిల్లీశ్వరి అంత జోరుగా పని చేస్తుందని పక్కనే కూచుని కూడా నాకు తెలియదు. మధ్యలో నుదుటి చెమట తుడుచుకుంది, కొంగు బిగించుకుంది. టీ గ్లాసు పట్టుకుంది. నొప్పి నడుమ అవీ తెలుస్తున్నాయి.

ఉన్నట్టుండి ఆ మండే అరచేతి కింద గరుకు నూలు గుడ్డ తగిలింది. గుడ్డ కింద ఎముకలు. ఎవరిదో వీపు. వీపు పైకీ కిందకీ ఎగురుతోంది. ఆ చెయ్యి దాన్ని మెల్లగా రాస్తోంది, పైనుంచి కిందకి, మళ్ళీ పైనుంచి కిందకి. ఆ శుక్రవారం పొగకి నాకు దగ్గు తెర వచ్చింది. ఢిల్లీశ్వరి లేచి వచ్చి నా వీపు రాసింది. ఆ వీపు నాదే.

నేను మాట్లాడడం ఆపేశాను.

"ఏమైందమ్మా?" అన్నారు అధికారి.

"ఏటీ నేదు బావూ. రాసుకోవలసింది కాదు."

మళ్ళీ పిక్కలు మొదలయ్యాయి. కళ్ళల్లోంచి నీళ్ళు వాటంతటవే కారుతున్నాయి. అధికారి కలం మూత పెట్టి, చాలు, రుజువు దొరికింది అన్నారు. వల్లభరావు గారు లేవబోయారు. లోకనాథం గోడకి ఆనుకుని, "నాకు తెల్దప్పా, నాకు తెల్దు" అంటున్నాడు.

"మజ్జాన్నం గంట ఇంకా కొట్టనేదు" అన్నాను. "మా గుంట ఢిల్లీశ్వరి ఇంకా ఇంటికెల్లనేదు కదా. నానెలాగ లేత్తాను?"

ఢిల్లీశ్వరి ఇంతసేపూ నా మొహమే చూస్తోంది. ఫోను ఒళ్ళో పెట్టుకుని, మిగిలిన రెండు వేళ్ళున్న చేత్తో నా గడ్డం తన వైపు తిప్పుకుంది.

"ఆపీమంటావా పిన్నీ?"

"వొద్దు. నాను సదివిన కాగితమే అది."

"నువ్వు సదివినావు. నొప్పి నాది. ఎప్పుడాపాలో నాను సెప్తాను" అని మీట నొక్కింది.

చెయ్యి చల్లబడింది. ఢిల్లీశ్వరి తన కుర్చీ అధికారి బల్ల దగ్గరికి లాక్కుంది. కట్టు విప్పి చెయ్యి బల్ల మీద, ఒప్పుకోలు కాగితాల మీద పెట్టింది.

"మజ్జాన్నం తరవాతది నాను సెప్తాను బావూ. కలం తియ్యి" అంది.

ఆయన మూత తీశారు. వల్లభరావు గారు మళ్ళీ కూచున్నారు.

కొర్ల తవిటమ్మ
వయసు అరవై ఆరు
ప్రస్తుతం ఉంటున్నది: ఢిల్లీశ్వరి ఇల్లు, దయాపురం కాలనీ, ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా